సీమంతం నాటి సంతకం

పాయకరావుపేట,
12 ఆగస్టు 2024.

మావయ్యా,

ఫోనుండగా ఉత్తరమేమిటి అనుకుంటావు. ఫోనులో నువ్వు "ఊఁ" అంటావు, "సరే" అంటావు, అంతకు మించి మాట రాదు. పైగా ఫోను అత్త చేతిలో ఉంటుంది. అత్త స్పీకరు పెడుతుంది. వీధంతా వింటుంది. అందుకని బిల్లుల కవరులో పెట్టి మన వ్యాను నానాజీ చేత పంపుతున్నాను. జవాబు కూడా అతనికే ఇయ్యి. రోజూ బెల్లం దింపడానికి ఇటు వచ్చేవాడే కదా.

విషయం చిన్నది. మన పెద్దాయన చంద్రమౌళి గారు పోయాక వాళ్ళబ్బాయి లోహిత్ గారు కంపెనీ పద్దులన్నీ కంప్యూటర్లోకి ఎక్కిస్తున్నారు. మొన్న మా గోడౌనుకి వచ్చి, ఎవరి వివరాలు వాళ్ళని సరిచూసుకోమన్నారు. నా పేరుకి ఎదురుగా చేరిన తేదీ 7-5-2018 అని ఉంది. నేను చేరింది 2013 జూన్‌లో. నాన్న పోయిన ఏడాది, అనకాపల్లి కొట్టులో. పెళ్ళయ్యాకే ఈ గోడౌనుకి మారాను. నన్ను తీసుకెళ్ళి ఆ కొట్టు గుమ్మం ఎక్కించింది నువ్వే. "లెక్క తప్పితే మళ్ళీ వెయ్యొచ్చు, అంకె దిద్దితే మాత్రం దొంగతనం" అని మొదటిరోజు చెప్పిందీ నువ్వే.

2018 మే 7 అంటే లాస్య పుట్టాక సెలవు ముగించుకుని నేను తిరిగొచ్చిన రోజు. దాన్నే చేరిన తేదీ అనుకుని ఎవరో ఎక్కించేసి ఉంటారు. పాత హాజరు పట్టీలన్నీ నీ దగ్గరే ఉంటాయి. చూసి ఒక్క ముక్క రాసిస్తే లోహిత్ గారికి చూపిస్తాను.

తొందరెందుకంటే, నవంబరు ఒకటి నుంచి ఈ గోడౌనుకి ఇన్‌చార్జిని వేస్తారట. మధ్యలో తెగకుండా ఎవరికి ఎక్కువ సర్వీసుంటే వాళ్ళకే అన్నారు. నిజానికి అది నేను. కంప్యూటరు ప్రకారం ధనరాజ్. వాడికి వోచరు అంటే ఏమిటో నేర్పింది నేనే అని నీకు తెలుసు.

లాస్య రెండో తరగతి. ఎక్కాలు నీలాగే వేళ్ళు కదపకుండా చెప్తోంది.

బిందు

*

అనకాపల్లి,
20 ఆగస్టు 2024.

చి. సౌ. బిందుమాధవికి,

ఉత్తరం అందింది. కవరు అంటించి పంపు. నానాజీ మంచివాడే గాని నోరు ఆగదు.

ఇక్కడ అన్‌సీజను. నిన్న యార్డుకి రెండు వందల బెల్లం దిమ్మలు కూడా రాలేదు. వచ్చినవి కూడా నల్లరంగు. అత్తకి మోకాలి నొప్పి తగ్గలేదు. మీ అమ్మ శుక్రవారం తుమ్మపాల నుంచి వచ్చి వెళ్ళింది. కులాసాగా ఉంది.

పాత పట్టీలు అటక మీద ఉన్నాయి. చూస్తాను.

తేదీల సంగతి లోహిత్ బాబు చూసుకుంటారు. పెద్దాయన ఉన్నప్పుడు పడిన తేదీని ఇప్పుడు కదపడం అవసరమా అన్నది కూడా ఆలోచించుకో. ఉద్యోగం ఉంది. ఇంటి పక్కనే ఉంది. అది చిన్న విషయం కాదు.

పాపకి కిలో తెల్లబెల్లం పంపుతున్నాను.

త్రినాధరావు

*

పాయకరావుపేట,
4 సెప్టెంబరు 2024.

మావయ్యా,

"చూస్తాను" అని రాసి పదిహేను రోజులయింది. 1998లో ఏ రైతుకి ఎన్ని దిమ్మలకి చెక్కు ఇచ్చావో పుస్తకం తెరవకుండా చెప్పే మనిషివి. అటక ఎక్కడానికి ఇబ్బందిగా ఉంటే చెప్పు, ఆదివారం మా ఆయనా నేనూ వచ్చి దింపుతాం.

ఇంకో సంగతి జరిగింది. శనివారం ప్రింటరు మీద ధనరాజ్ జీతం చీటీ ఉండిపోయింది. నేను తీసి వాడికి ఇవ్వబోతూ చూశాను. చూడకూడదు, కాని చూశాను. పద్నాలుగు వేల ఎనిమిది వందల ఏడు. నాది పన్నెండు వేల ఆరువందల తొంభై అయిదు. వాడి మొహం మాడిపోయింది. "అక్కా, నీకు తెల్దనుకున్నానే. నాను సెప్పకూడదని ఎప్పుడూ మడిసి జేబులో ఎట్టీసుకుంతాను," అన్నాడు. "ఎప్పట్నించిరా?" అన్నాను. "నువ్వు పురిటికెల్లి వచ్చేవు సూడు, అప్పట్నించేనక్కా." వాడికి తెలుసు. నాకు తప్ప గోడౌనులో అందరికీ తెలుసు.

సెలవుకి వెళ్ళేనాటికి నా జీతం పదకొండు వేలు. తిరిగొచ్చాక ఎనిమిది వేలు చేతిలో పెట్టారు. అప్పుడు నీకు ఫోను చేశాను, గుర్తుందా? "ప్రస్తుతానికి తీసుకో, తరవాత సర్దుతారు" అన్నావు. సరేనన్నాను. నిజం చెప్పనా, ఆ రోజుల్లో నాకు అడగడానికి మొహం లేదు. రాత్రుళ్ళు పాప నిద్రపోనిచ్చేది కాదు. పగలు కూడికలు తప్పేవి. మధ్యాహ్నం పాలివ్వడానికి ఇంటికి పరిగెత్తేదాన్ని. ఈ పనికి ఎనిమిది వేలే ఎక్కువేమో అనుకున్నాను. ఆ అనుకోవడం అలవాటైపోయింది.

ఏటా నూటికి ఎనిమిది చొప్పున పెంచుతారు కదా. నీ చేత్తో ఒక లెక్క వేసి పంపు. నేను వెళ్ళకుండా ఉంటే ఈ పాటికి నా జీతం ఎంత? ఇప్పటికి ఎంత పోయింది? నేను వేస్తే కోపంలో ఎక్కువ వేస్తానని భయం. నువ్వయితే పైసా అటూ ఇటూ కానివ్వవు.

బిందు

*

అనకాపల్లి,
11 సెప్టెంబరు 2024.

చి. సౌ. బిందుమాధవికి,

అడిగావు గనక వేశాను. మూడుసార్లు వేశాను.

2018లో పదకొండు వేల మీద నూటికి ఎనిమిది కలిస్తే 11,880. నీకు ఇచ్చింది 8,000. మొదటి ఏడు నెలకి తేడా 3,880. రెండు అంకెల మీదా ఒకే నూటికి ఎనిమిది పడుతోంది గాని, పెద్ద అంకె మీద పడినది పెద్దదవుతుంది, చిన్న అంకె మీద పడినది చిన్నదిగానే ఉంటుంది. తేడా ఏటా పెరుగుతుంది తప్ప తరగదు. ఇప్పుడు నీకు రావలసింది 18,852. వస్తున్నది 12,695. నెలకి తేడా 6,157.

2018 మే నుంచి వచ్చే అక్టోబరు వరకు మొత్తం మూడు లక్షల ఎనభై వేల ఏడువందల యాభై ఒకటి. సెలవు ఆరు నెలల జీతం ఇందులో కలపలేదు. అది వేరే అరవై ఆరు వేలు.

ఈ కాగితం చూసి మనసు పాడుచేసుకోకు. ఇది ఊహ లెక్క. జరగనిదానికి వేసినది.

పట్టీల సంగతి. అటక దింపించాను. నీవి ఉన్న కట్ట హుద్‌హుద్ తుఫానులో తడిసి ముద్దయిపోయింది. అక్షరం ఆనడం లేదు. నేను చేయగలిగింది లేదు.

త్రినాధరావు

*

పాయకరావుపేట,
14 సెప్టెంబరు 2024.

మావయ్యా,

హుద్‌హుద్ వచ్చింది 2014 అక్టోబరు 12న. ఆ రోజు కొట్టు రేకులు ఎగిరిపోతే నువ్వూ నేనూ మోకాలిలోతు నీళ్ళలో పుస్తకాలు మోశాం. నేను సెలవుకి వెళ్ళింది 2017 నవంబరు 6న. 2013 పట్టీ తడిసిందనుకున్నా, అప్పటికింకా రాయని 2017 పుస్తకాన్ని ఏ తుఫాను తడుపుతుంది?

వేరే ఎవరైనా ఈ మాట రాస్తే మరిచిపోయి రాశారనుకుందును. నువ్వు తేదీ తప్పవు.

మూడు రోజులుగా ఒకటే ఆలోచిస్తున్నాను. నా సీమంతానికి నువ్వు వచ్చావు. నన్ను తుమ్మపాల తీసుకెళ్ళడానికి వచ్చావు. చంద్రమౌళి గారు పంపారని చీర, పదివేలు ఇచ్చావు. ఒక కాగితం మీద సంతకం పెట్టించావు. స్టాంపు ఉంది దాని మీద. ఏం రాసి ఉందో నాకు గుర్తు లేదు. చదవలేదు గనక గుర్తుండదు.

అందులో ఏముంది మావయ్యా?

బిందు

*

అనకాపల్లి,
6 అక్టోబరు 2024.

బిందుమాధవికి,

నువ్వు రాసి ఇరవై రెండు రోజులయింది. ఏడు ఉత్తరాలు రాసి పొయ్యిలో పెట్టాను. మీ అత్త చూసి, "ఏటది, రోజూ కాయితాలు కాలుత్తన్నావు? ఎవులికి రాత్తన్నావు?" అంది. కొట్టు లెక్కలు అన్నాను. ఇది ఎనిమిదోది. దీన్ని కాల్చను.

పట్టీ తడవలేదు. నా ముందే ఉంది. 2017 నవంబరు పేజీలో నీ పేరుకి ఎదురుగా "స్వంత ఇష్టంపై మానివేసినది" అని ఉంది. రాత నాది. 2018 మే 7న అట్టడుగున "కొత్తగా చేరినది, నెలకు 8,000" అని ఉంది. అదీ నా రాతే.

నువ్వు సెలవు చీటీ ఇచ్చావు. ఇరవై ఆరు వారాలు జీతంతో సెలవు ఇవ్వాలని కొత్త చట్టం వచ్చిందని, పేపరు ముక్క కత్తిరించి గుండుసూదితో గుచ్చి మరీ ఇచ్చావు. నేను పెద్దాయనకి చూపించాను. ఆయన కోప్పడలేదు. నవ్వేడు. "ఏటి త్రినాదరావూ, ఆరు నెల్లు ఇంటికాడ కూకుంతే జీతం ఇవ్వమంతావా? మనం సర్కారోల్లమేటి? ఇయ్యేల నీ మేనకోడలుకిత్తే రేపు గోనెలు కుట్టేదానికీ ఇవ్వాల. నువ్వు తెలివైనోడివి, ఏదో సూడు," అన్నాడు.

ఏదో చూడమన్నాడు గాని, ఏం రాయమని ఆయన చెప్పలేదు. ఆ మాటలు నావి. వోచరు మీద పైన "పురిటి ఖర్చులకు రూ. 10,000 ముట్టినవి" అని పెద్ద అక్షరాల్లో రాశాను. కింద చిన్న అక్షరాల్లో "దీనితో నా లెక్క పూర్తిగా తీరినది, స్వంత ఇష్టంపై ఉద్యోగం మానుకొంటున్నాను" అని రాశాను.

నువ్వు పీట మీద కూర్చున్నావు. పేరంటాళ్ళు గాజులు తొడిగి అప్పుడే లేచారు. కాగితం నీ ముందు పెట్టాను. "ఏటి మావయ్యా?" అన్నావు. "పదివేలు ముట్టినట్టు" అన్నాను. "నువ్వు రాసిన కాయితం నాను సదవాలేటి?" అని నవ్వావు. గాజులు అడ్డొస్తే మోచేతి దాకా తోసుకుని సంతకం పెట్టావు. తరువాత నా కాళ్ళకి దండం పెట్టావు.

కొట్టులో రెవెన్యూ స్టాంపులు అయిపోయాయి. ఆ వేళ బస్సెక్కే ముందు బయట కొన్నాను. నేను రోజూ ఖర్చులు రాసుకుంటానని నీకు తెలుసు. 1984 నుంచి ఒక్కరోజు తప్పలేదు. 5-11-2017 పేజీ తీశాను. చీర ఖర్చు మన కొట్టుదే గనక అందులో లేదు. "గాజులు 120. పూలు 60. బస్సు 55. స్టాంపు 1." నీకు పెట్టిన గాజుల కిందే అది ఉంది. అన్నేళ్ళ పుస్తకాలలో చదువుకోలేని పేజీ అదొక్కటే.

ఎందుకు చేశావంటావు. ఆ రోజు నాకు తప్పనిపించలేదు. అన్నిటికంటే అది రాయడానికే సిగ్గుగా ఉంది. పిల్ల పుట్టాక వస్తుందో రాదో, వస్తే మళ్ళీ చెప్పి వేయిద్దాం అనుకున్నాను. వచ్చావు, వేయించాను. మేలు చేశాననుకున్నాను. ఆ ఏడు ఏప్రిల్లో నా జీతం అందరికంటే అయిదువందలు ఎక్కువ పెరిగింది. ఎందుకని నేను అడగలేదు. నాకు తెలుసు.

తప్పని ఎప్పుడు తెలిసిందంటే, నువ్వు అడిగిన లెక్క వేస్తున్నప్పుడు. మొదటిసారి వేసి, అంకె చూసి, ఎక్కడో తప్పాననుకుని మళ్ళీ వేశాను. తప్పలేదు. ఒక్క వాక్యానికి అంత వస్తుందని నాకు తెలియదు.

నీ సెలవు చీటీ కూడా నా దగ్గరుంది. పేపరు ముక్కతో సహా ఉంది. కాగితం చింపడం నాకు చేతకాదు. దీనితో పంపుతున్నాను.

త్రినాధరావు

*

పాయకరావుపేట,
9 అక్టోబరు 2024.

త్రినాధరావు గారికి,

మీ ఉత్తరం, చీటీ అందాయి.

డబ్బు సంగతి తరవాత. నేను పోగొట్టుకున్నదాని విలువ మీరు వేశారు, సరిగ్గానే వేశారు. వేయనిది ఒకటుంది. ఏడేళ్ళు నేను నన్నే తక్కువ కట్టుకున్నాను. జీతం తగ్గించారంటే పని తగ్గిందనే కదా అనుకుంటాం. పాప పుట్టాక నాకు బుర్ర మందగించిందని అమ్మతో చెప్పి ఏడ్చాను. అమ్మ వచ్చి మీతో చెప్పింది. మీరేమన్నారో అమ్మ నాకు చెప్పింది. "పిల్లల తల్లులకి అలాగే ఉంటుంది, తగ్గుతుందిలే" అన్నారట. మీకు తెలిసీ అన్నారు.

ధనరాజ్‌కి పెద్ద పద్దులు అప్పగిస్తే, వాడు మగపిల్లాడు, సాయంత్రం ఏడు దాకా ఉంటాడు, నేను అయిదింటికి పారిపోతాను, న్యాయమే అనుకున్నాను. రెండో బిడ్డ వద్దనుకున్నాం. మళ్ళీ వెళ్తే ఈసారి ఎనిమిది వేలు కూడా ఇవ్వరేమో అని. ఆ మాట మా ఆయనకి తప్ప ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు మీకు చెప్తున్నాను, మీ పుస్తకంలో ఏ కాలమ్‌లో రాస్తారో రాసుకోండి.

నేను సరిగ్గా నూట ఎనభై రెండో రోజున తిరిగొచ్చాను. ఇరవై ఆరు వారాలకి ఒక్కరోజు దాటలేదు. ఆ సోమవారం పాపకి జ్వరం. అయినా వచ్చాను, సెలవు మీరితే మాటొస్తుందని. అప్పటికే నాకు ఉద్యోగం లేదని మీ ఒక్కరికే తెలుసు.

దీనితో ఒక కాగితం పంపుతున్నాను. లోహిత్ గారికి ఇవ్వడానికి నేనే టైపు చేశాను. మీ సంతకం కావాలి.

చదివి పెట్టండి.

బిందుమాధవి

*

అనకాపల్లి,
14 అక్టోబరు 2024.

బిందుమాధవికి,

చదివాను. నువ్వు చాలా మర్యాదగా రాశావు. "హెడ్డాఫీసు రికార్డులో పొరపాటున మానివేసినట్లు నమోదైనది" అని ఉంది. ఎవరు నమోదు చేశారో లేదు. నన్ను బయట పెట్టకూడదని అలా రాశావని అర్థమైంది. అంత కోపంలో కూడా.

"పొరపాటున" అన్న మాట కొట్టేశాను. దాని మీద "ఈ రాత గుమస్తా త్రినాధరావు అను నాది. ఆమె సెలవు చీటీ ఇచ్చినదని తెలిసియే, వోచరులో ఏమున్నదో ఆమెకు చెప్పక, ఇట్లు వ్రాసితిని" అని పెన్నుతో రాశాను. కొట్టేసినచోట పొడి సంతకం పెట్టాను. దిద్దితే దొంగతనం అని నీకు నేర్పాను. ఇది దిద్దడం కాదనుకుంటాను.

నానాజీ చేత పంపలేదు. నేనే తీసుకెళ్ళి లోహిత్ బాబు బల్ల మీద పెట్టాను, పట్టీ, వోచరుతో సహా. రెండుసార్లు చదివారు. "నాన్న చెప్పారా?" అన్నారు. "ఏదో సూడమన్నారు బాబూ. సూసింది నాను," అన్నాను. నలభై ఏళ్ళు ఆ గదిలో మాట్లాడాను. నా తప్పు నేను చెప్పింది ఆ రోజే.

తరువాత ఆయన ఒకటడిగారు. "ఇలాటివి ఇంకెన్ని రాసేరు బాబాయ్?"

ఒకటుంది అన్నాను. శ్రీదేవి అని, నీకంటే ముందు ఆ బల్ల దగ్గర కూర్చునేది. ఆరేళ్ళు లెక్కలు రాసింది. పురిటికి సెలవడిగి వెళ్తే మానివేసినట్టు రాశాను. 2009లో నాలుగు నెలల బిడ్డని ఎత్తుకుని వచ్చి, "రేపట్నించి రావచ్చా?" అని అడిగింది. ఖాళీ లేదన్నాను. ఆవిడ బల్ల అప్పటికి ఖాళీగానే ఉంది.

కవరులో 39,000 ఉన్నాయి. ఆ అయిదువందలు, ఏప్రిల్ 2018 నుంచి మొన్నటి నెల వరకు, డెబ్భై ఎనిమిది నెలలవి. వడ్డీ కట్టలేదు. తీసుకో అనడానికి నోరు రావడం లేదు. నా దగ్గర ఉండకూడదు.

త్రినాధరావు

*

పాయకరావుపేట,
5 నవంబరు 2024.

మావయ్యకి,

ఈ మాట రాయడానికి పెన్ను ముందు ఒప్పుకోలేదు. మనిషిని ఇంకేమని పిలవాలో తెలియక రాశాను.

లోహిత్ గారు వచ్చారు. నా చేరిన తేదీ 2013 జూన్‌కి మార్చారు. ఈ నెల నుంచి జీతం 18,852. పాతది ఇవ్వరట. "నాన్న టైములోవి నేను తవ్వలేను మేడమ్" అన్నారు. ఆ సెలవు ఆరు నెలలదైనా ఇవ్వమన్నాను. లాయరుని అడిగి చెప్తామన్నారు. అడగనివ్వండి, నేనూ అడుగుతాను.

ఇన్‌చార్జి ధనరాజే. "మీరు మళ్ళీ లీవ్ పెట్టే ఉద్దేశం ఏమైనా ఉందా?" అని అడిగారు నన్ను. "వాడిని అడిగారా సార్, పెళ్ళి చేసుకుంటావా అని?" అన్నాను. ఆయన నవ్వేసి ఫోను చూసుకున్నారు. ధనరాజ్ సాయంత్రం దాకా నా ముందు తచ్చాడి, "అక్కా, కుర్సీలో నువ్వే కూకో. పేరుకే నాను," అన్నాడు. "కుర్చీ నాకు ఉందిరా. నాకు కావలసింది పేరే," అన్నాను. పాపం, వాడు రెండు రోజులుగా టీ కూడా తాగడం లేదు.

డబ్బు తిప్పి పంపుతున్నాను. లెక్కపెట్టుకో. నాకు రావలసింది కంపెనీ ఇవ్వాలి, నువ్వు కాదు. నువ్వు ఇవ్వాల్సింది అంకెల్లో లేదు. క్షమించానని రాయమంటావేమో. అబద్ధం రాయడం ఇష్టం లేదు. లాస్య మాత్రం, "తాత బెల్లం పంపలేదేం?" అని అడిగింది. దానికి ఏమీ చెప్పలేదు.

ఆ శ్రీదేవి గారు ఎక్కడున్నారో నీకు తెలుసా? తెలియకపోతే పట్టీలో ఊరు పేరుంటుంది. నాకు ఉత్తరం రాసినంత మాత్రాన అయిపోలేదు.

బిందు

*

అనకాపల్లి,
25 నవంబరు 2024.

బిందుకి,

పట్టీలో కె. కోటపాడు అని ఉంది. నిన్న ఆదివారం బస్సెక్కి వెళ్ళాను. ముగ్గుర్ని అడిగితే ఇల్లు దొరికింది. అరుగు మీద మిషను కుడుతోంది. జుట్టు నెరిసింది. నన్ను చూసి కళ్ళజోడు పైకి తోసి, "గుమస్తా గారేటి! ఇంకా ఉన్నారా మీరు?" అంది. నవ్వుతూనే అంది.

మంచినీళ్ళిచ్చింది. తాగలేకపోయాను. గ్లాసు కింద పెట్టి సంగతి చెప్పాను. ఆవిడ కుడుతూనే విన్నది.

"మానీసినానని రాసేరా? నాను మానీలేదు గదండీ. బిడ్డనెత్తుకొని వచ్చేను. మీరే ఖాలీ లేదన్నారు."

"అవునమ్మా. ఖాళీ ఉంది. లేదని చెప్పాను."

మిషను ఆగింది. అరుగు మీద నుంచి ఒక కోడి దిగి పోయింది. ఆవిడ దాన్నే చూస్తూ, "నాను రైతు పద్దులో ఏదో తప్పు రాసేననుకున్నాను ఇన్నేల్లూ. ఏ రైతు పద్దో తెల్దు. తలుసుకొని తలుసుకొని ఎతికేదాన్ని," అంది.

బిందూ, నువ్వు రాసిందీ అదే. నేను తప్పు రాస్తే, మీరిద్దరూ మీ తప్పు వెతుక్కున్నారు. నాకు అక్కడ కూర్చోవడానికి గాని, లేచి రావడానికి గాని ధైర్యం చాలలేదు.

తరువాత ఆవిడ మిషను మీది గుడ్డ సర్దుకుంటూ ఇంకో సంగతి చెప్పింది. వాళ్ళ పొదుపు సంఘంలో పుస్తకాలు రాసే పని ఖాళీ ఉందట. ఎక్కడైనా లెక్కలు రాసినట్టు కాగితం ఉంటే పెట్టుకుంటామన్నారట. "కొట్లో రాసేనని నోటితో సెప్తే ఎవులు నమ్ముతారు? మిషను కుట్టుకునేదానివి అంతన్నారు," అంది. కాగితం ఇవ్వమని నన్ను అడగలేదు. చెప్పింది, అంతే.

నా సంచిలో తెల్లకాగితం ఉంది. అక్కడే మోకాలి మీద అట్ట పెట్టుకుని రాశాను. ఫలానా సంవత్సరం నుంచి ఫలానా సంవత్సరం వరకు లెక్కలు రాసినదని, ఒక్క తప్పు లేదని, ప్రసవానికి సెలవు కోరగా మానివేసినట్లు రాయబడినదని, తిరిగి రాగా చోటుండి కూడా లేదని చెప్పబడినదని. లోహిత్ బాబు చేత ముద్ర వేయించి తెస్తానన్నాను. ముందు ఆవిడ ఒప్పుకోవాలి గదా, చూడమని చేతికిచ్చాను.

తీసుకోలేదు. కళ్ళజోడు తీసి ఒళ్ళో పెట్టుకుంది.

"మీరే సదవండి గుమస్తా గారూ. పైకి సదవండి. ఇంటాను."

నలభై ఏళ్ళుగా రాస్తున్నాను. నేను రాసినది, ఎవరి గురించి రాశానో వాళ్ళ ముందు పైకి చదవడం ఇదే మొదటిసారి. పక్కింటి ఆడవాళ్ళు ఇద్దరు వచ్చి గుమ్మం దగ్గర నిలబడ్డారు. "రాయబడినది", "చెప్పబడినది" అన్న రెండు చోట్లా నాకే వినడానికి బాగోలేదు. ఆగి, కొట్టేసి, "రాశాను", "చెప్పాను" అని మార్చాను. మొదటి నుంచి మళ్ళీ మొదలుపెట్టాను. "అప్పటి గుమస్తా త్రినాధరావు అను నేను" అన్నాక ముందుకి సాగలేదు.

ఆవిడ కళ్ళజోడు మళ్ళీ పెట్టుకుంది.

"ఊఁ. సదవండి," అంది.

మావయ్య